అనధ్యయన దినము

మన పూర్వులు చదువునకు సెలవుదినములను శాస్త్రముగా విధించిరని చెప్పినచో నేటి తల్లిదండ్రులలో పెక్కురు నమ్మకపోవచ్చును. వేదపాఠశాలలలోనేమి, వీధిబడులలోనేమి, పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పౌర్ణమి, అమావాస్య యను తిథులయందు పాఠము చెప్పుటయు చెప్పించుకొనుటయు కూడదు. వానికి అనధ్యయన దినములని పేరు. చాంద్రమాసమునకు పాడ్యములు రెండు, అష్టములు రెండు, చతుర్దశులు రెండు, పౌర్ణమి యొకటి, అమావాస్య యొకటి, వెరసి యెనిమిది. ఆదివారములు నెలకు నాలుగో అయిదో కదా! పాశ్చాత్యుల వారపు లెక్కకంటె మన తిథుల లెక్కయే పిల్లలయెడ నెక్కువ దయ గలదని తేలుచున్నది. ఈ నియమమును దాటినవానికి విద్య నిలువదని పెద్దల నమ్మిక. సుందరకాండమున హనుమంతుడు సీతమ్మ కృశించిన తీరును వర్ణించుచు, పాడ్యమినాడు సయితము చదువు మానని వాని విద్యవలె నామె సన్నగిల్లినదని చెప్పును. ఆ మహాకవి వెదకి తెచ్చిన ఉపమానమును చూడుడు! విరామ మెరుగని చదువు చిక్కిపోవునన్నమాట ఆ కాలమున శ్రోతలకు వివరింప నక్కరలేనంత తెలిసిన విషయమై యుండవలెను.

ఇప్పుడీ తిథుల ప్రసంగమేల యని చదువరులు అడుగవచ్చును. మా యింట రెండున్నర సంవత్సరములుగా నొక విద్యార్థిని యున్నది. ఆమె యాదివారమును గూర్చి మొన్నమొన్న మా యింట పెద్ద చర్చ జరిగినది. దానిని నలుగురి యెదుట పెట్టుట మంచిదని తోచి వ్రాయుచున్నాము.

ఆ బాలిక మా మేనకోడలి కూతురు. తండ్రి విశాఖ ఉక్కు కర్మాగారమున పనివాడు, కాపురము ఉక్కునగరమున. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నగరమునకు ఆ చివర, ఉక్కునగరము ఈ చివర. రాకపోకలకే దినమున మూడు గంటలు చెల్లునని చినవాల్తేరులోని మా యింట నుంచిరి. పరిషత్తు 1926 లో బెజవాడలో పుట్టి, 1930 లో వాల్తేరు చేరినది. ఆ కొండవాలు మీదనే మా చిన్నది లోహశాస్త్రము చదువుచున్నది. తండ్రి కొలిమియొద్ద కరగించు ఇనుమును కూతురు కాగితముమీద లెక్కలతో కరగించుచున్నది.

ఆమె దినచర్యయందు విశేష మేమియు లేదు. ఉదయ మారున్నరకు లేచును. ఏడున్నర దాకా లేవలేదని మా గృహిణి యందురు. ఇడ్డెనలు రెండు తినును, మూడవది పళ్ళెములో విడుచును. తొమ్మిదికి తరగతి. మధ్యాహ్నము ప్రయోగశాల. సాయంకాలము గ్రంథాలయము, అది లేనినాడు చెట్లక్రింద అరుగుమీద స్నేహితురాండ్రతో గంటసేపు కబుర్లు. రాత్రి రికార్డు వ్రాయును. రికార్డనగా చేసిన ప్రయోగమునే అందమైన దస్తూరితో మరల వ్రాయుట. గీతలు గీచుట, రంగుపెన్సిళ్ళు చెక్కుట మా గదిలోనే జరుగుటచేత, ఇందులో చదువెంత, అలంకార మెంత యని మే మప్పుడప్పుడు ఆలోచించుచుందుము. శుక్రవారము రాత్రి వారమంతటి బట్టలను తానే ఉతికి ఆరవేయును. ఆదివారమునకు ఏ పనియు మిగులరాదని ఆమె పట్టుదల.

ఈ పట్టుదల ఎక్కడనుండి వచ్చినదో తెలియవలెనన్న, ఆమె ఇంటర్మీడియెట్ చదివిన రెండు సంవత్సరముల మాట చెప్పవలెను. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చినవని ఆమెను నగరపు శివారున నున్న యొక కళాశాలలో, హాస్టలుతో సహా, చేర్పించిరి. తెల్లవారుజామున అయిదు గంటలకు గంట కొట్టుదురు. రాత్రి పదిన్నరకు దీపము లార్పుదురు. నడుమ నున్నదంతయు చదువే. ఆదివారము ఉదయము పరీక్ష. సాయంకాలమునకు ర్యాంకుల పట్టిక గోడకంటింతురు. ఆ ర్యాంకు తండ్రి ఫోనునకు సందేశముగా పోవును. ఆ తరువాత పది నిమిషములు తల్లిదండ్రులతో మాటలాడనిత్తురు. పది నిమిషములలో ఎనిమిది ఆ ర్యాంకును గూర్చియే చెల్లునని వేరుగ చెప్పనేల? ర్యాంకునుబట్టి తరగతి మారును. పైతరగతివారు క్రిందితరగతివారితో కూర్చుండి భోజనము చేయుట క్రమముగా మానుదురు. ఈ పద్ధతి ఏ యొక్కచోటనో యుండిన కళాశాల పేరు చెప్పి మందలింపవచ్చును. ఇది ఊరూర నున్నది.

రెండేండ్లు గడచి ఆమె మా యింటికి వచ్చిన తొలివారమున జరిగిన చిన్న సంగతి యొకటి మా మనసున నిలిచినది. మా గృహిణి రేడియో మీట త్రిప్పుచు, "ఏ పాట పెట్టమందువే?" అని అడిగెను. "ఏదైనా సరే అమ్మమ్మా" అన్నది. భోజనమునకు ఏమి వండమందువన్న ఏదైనా సరే. సముద్రమునకు పోవుదమా, గుడికి పోవుదమా యన్న ఏదైనా సరే. దీనిని వినయమనుకొని సంతోషించు పెద్దలు కలరు. ఏడెనిమిదేండ్ల ప్రాయమున ఈ పిల్లయే మా యింటికి వచ్చినప్పుడు, ఈ పాట వద్దు ఆ పాట కావలెనని నేలబడి దొర్లినది. పదునెనిమిదవయేట దేనిమీదను ఇష్టమనునది లేకపోయెను. అయిష్టమును లేదు. ఎవరేది పెట్టిన అది తినును, ఎవరేది చెప్పిన అది చేయును, ఒంటరిగా విడిచిన గోడవంక చూచుచు కూర్చుండును. ఇది మంచి నడవడియా, జబ్బా యని మేమిద్దరమును రాత్రి చాలసేపు మాటలాడుకొంటిమి.

ఆమె ఆ హాస్టలు విడిచిన కొలది మాసములకే, 2023 జూలైలో, ఈ నగరముననే, వైద్యప్రవేశపరీక్షకు హాస్టలులో నుండి చదువుచుండిన పదునేడేండ్ల బాలిక యొకతె మరణించెను. పశ్చిమ బెంగాలునుండి ఇంతదూరము చదువుకొనుటకు వచ్చిన పిల్ల. ఆమె తండ్రి న్యాయస్థానముల చుట్టు తిరిగి తుదకు సుప్రీంకోర్టు చేరెను. 2025 జూలై 25 వ తేదీని ఆ న్యాయస్థానము విచారణను సి.బి.ఐ. వారి కప్పగించి, అంతటితో నూరకుండక, దేశమునందలి విద్యాలయములకును, శిక్షణాలయములకును, హాస్టళ్ళకును వర్తించునట్లు పదునైదు ఆదేశములిచ్చినది. నూరుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులున్నచోట వారి మనసులోని బాధ వినుటకు శిక్షణపొందిన సలహాదారు ఉండవలెను. మార్కులనుబట్టి పిల్లలను వేరువేరు తరగతులుగా విడదీయుట, నలుగురిలో అవమానించుట కూడదు. టెలీ మానస్ వంటి సహాయ కేంద్రముల సంఖ్యలను గదులలో పెద్దయక్షరములతో వ్రాసి పెట్టవలెను. టెలీ మానస్ సంఖ్య 14416 అని మా చదువరులును గుర్తుంచుకొందురు గాక. ఆటలకును కళలకును ప్రాధాన్య మియ్యవలెను. ఆ తీర్పులో 2022 వ సంవత్సరపు ప్రభుత్వపు లెక్కయు నున్నది: ఆ యొక్క యేట ఆత్మహత్య చేసికొన్న విద్యార్థులు 13,044 మంది. ఒక్కొక్కరి వెనుక కారణము లెన్నియో యుండును. అన్నింటికిని చదువే కారణమని మేమనుట లేదు. అయినను ఆ సంఖ్యను వినికూడ ఆదివారపు పరీక్షను ఆదివారమే పెట్టుదుమను వారితో నేమి మాటలాడగలము?

మా చిన్నది తేరుకొన్న విధము మే మూహించినట్లు లేదు. మేము త్యాగరాజ కృతులు వినిపించితిమి. గురజాడవారి కథ లిచ్చితిమి. వినయముగా విన్నది, చదివినది, ఏదైనా సరే యన్నది. ఆరేడు మాసములు గడచిన పిదప ఒకనాడు వంటింటినుండి మాకు తెలియని భాషలో పాట వినవచ్చెను. చారు పోపు పెట్టుచు పాడుచున్నది! ఏ భాషయే యని అడిగితిమి. కొరియా భాషయట. బి.టి.ఎస్. అను పేరుగల ఏడుగురు యువకుల బృందమట. 2013 లో తొలిపాట విడుదల చేసిరట. ఏడుగురి పేర్లును, పుట్టినరోజులును చెప్పినది. వారిలో ఎవరి గొంతు బాగుండునో, ఎవరిది నచ్చదో చెప్పినది. నచ్చదు! ఆ మాట విని మా గృహిణి మావంక చూచిన చూపు మేమెన్నటికి మరువము. పిల్ల నోట "నచ్చదు" అనుమాట వినుటకు ఆమె ఆరు మాసములు కాచుకొని యున్నది.

అటుపిమ్మట ఆ పిల్ల ఆ యక్షరములును నేర్చుకొన్నది. రికార్డు పుస్తకపు చివరిపుటలలో వలయములును గీతలును కనబడుటచేత, ఇవి యేమి లోహముల గుర్తులా యని అడిగితిమి. అప్పుడామె మాకొక గంటసేపు పాఠము చెప్పినది. పదునైదవ శతాబ్దమున సేజోంగ్ అను కొరియారాజు, చీనా లిపి సామాన్యులకు కొరుకుడుపడుట లేదని చింతించి, కొత్త యక్షరములు కల్పించి 1446 లో ప్రకటించెనట. నోటిలో నాలుక ఏయక్షరమునకు ఏతీరుగ నిలుచునో ఆ తీరుననే కొన్ని యక్షరముల రూపము దిద్దిరట. ఆ కొలువులోని పండితులే కొందరు ఇది అనాగరికమని అడ్డుపడిరట. వినుచుండగా మాకు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వచ్చిరి. 1863 లో శ్రీకాకుళపు సీమలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, జనము మాటలాడు తెలుగే పుస్తకములలోనికి రావలెనని జీవితమంతయు పోరాడిన మహనీయుడు. కొండలలోని సవరలకు చదువు చెప్పవలెనని వారి భాష నేర్చి వ్యాకరణము వ్రాసినవాడు. ఇట్టివా రొకరు మనకును కలరని చెప్పితిమి. "తాతయ్యా, మరి మీరు వ్రాసేది ఆయనకు నచ్చుతుందా?" అని అడిగినది. ఈ గ్రాంథికమును చూచి పంతులుగారు ఏమందురో చదువరులే యూహించుకొందురు గాక. ఈ ప్రశ్నయు ఆ కొరియా పాటల వెంబడి వచ్చినదే.

ఇరుగుపొరుగువారు ఊరకుందురా? ఆడపిల్ల పరదేశపు మగపిల్లల బొమ్మలు గోడకంటించుకొన్నదనియు, మన పాటలు లేవా యనియు, ఇంతవయసు వచ్చి బొమ్మల సినిమాలు చూచుచున్నదనియు మూడు ఫిర్యాదులు వచ్చినవి. మొదటిదానికి మా గృహిణి సమాధానము చెప్పినది. తన వివాహమునకు పూర్వము తన పుట్టినింట ట్రంకుపెట్టె మూతకు లోపల సినిమానటుని బొమ్మ అంటించుకొన్నదట. ఏ నటుడో ఇన్నేండ్లకును మాకు చెప్పలేదు. రెండవదానికి సమాధానము పిల్లయే చెప్పినది. "నాటు నాటు" పాటకు 2023 మార్చిలో ఆస్కారు బహుమానము వచ్చినది కదా. అదే మాసమున ఆ ఏడుగురిలో నొకడగు జంగ్‌కుక్, తన యభిమానులతో ముచ్చటించుచు ఆ పాట పెట్టుకొని తాళము వేయుచు ఊగెను. ఆ నిమిషమును మా చిన్నది ఎన్నిసార్లు చూచినదో లెక్కలేదు. తాను వారి పాట పాడినట్లే వారును తన పాట పాడిరని ఆమె గర్వము. ఇక మూడవది, జపానువారి బొమ్మల సినిమాలు. 1942 ఏప్రిల్ 6 వ తేదీని ఈ పట్టణముమీద బాంబులు పడినవి జపాను విమానములనుండియే. జనము బండ్లుకట్టుకొని పల్లెలకు పరుగెత్తిరి. విశ్వకళాపరిషత్తే గుంటూరునకు తరలిపోయెను. ఆ కథ మా పెద్దల నోట విన్నవారము గనుక, ఆ దేశమునుండి నేడు మాటలాడు పిల్లులును, ఎగురు కోటలును వచ్చి మా పిల్లను నవ్వించుచున్నవన్న మాకు నిజముగ సంతోషమే.

ఇట్టి వినోదములను సమర్థించు మిత్రులు కొందరు, పాట విన్న జ్ఞాపకశక్తి పెరుగును, విశ్రాంతి తీసికొన్న మార్కులు హెచ్చును అని పరిశోధనలు చూపుదురు. వారి సాయము మాకు వద్దు. ఆ వాదమును ఒప్పుకొన్నచో, మార్కులు హెచ్చనినాడు పాట మానిపింపవలసి వచ్చును. పిల్ల పాడుచున్నది, అది ఆమెకు బాగున్నది, అంతకుమించి కారణ మేల?

ఆమె యాదివార మెట్లు గడచునో కొంచెము విస్తరించి చెప్పెదము. ఉదయము ఆలస్యముగా లేచి, తలంటు పోసికొని, తడిజుట్టుతో డాబామీద కూర్చుండి ఫోనులో ఏదో చూచి నవ్వును. మధ్యాహ్నము నెలకొకమారు జగదాంబ కూడలివైపు సినిమాకు పోవును. తక్కిన ఆదివారములు సినిమా ఫోనులోనే. ఎండ తగ్గిన తరువాత ముగ్గురు స్నేహితురాండ్రతో రామకృష్ణా బీచికి నడక. అచ్చట 1969 నుండి 2001 వరకు నౌకాదళమున పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న కురుసుర జలాంతర్గామి యున్నది. 2002 నుండి అది ప్రదర్శనశాల. లోపలికి పోయి చూచువారు పొరుగూరివారే. మా పిల్లలకు అది కలిసికొను గుర్తు మాత్రమే. "సబ్‌మెరైన్ దగ్గర అయిదింటికి" అన్న చాలును.

పిమ్మట మురీ మిక్స్చరు. రాయలసీమవారు బొరుగులనియు, గోదావరి కృష్ణా మండలములవారు మరమరాలనియు అను వస్తువును మనవైపు మురీలందురు. బండివాడు తపేలాలో మురీలు పోసి, ఉల్లిపాయ, టమాటా, పచ్చిమిరప, వేరుసెనగ గుండ్లు, కొత్తిమీర వేసి, నిమ్మకాయ పిండి, గరిటెతో డబడబ కొట్టి కాగితపు పొట్లములో పోసి యిచ్చును. ఆలస్యము చేసిన మెత్తబడును. కావున మాటలాపి తినవలెను. నలుగురికి రెండు పొట్లములు. పిమ్మట నిప్పులమీద కాల్చిన మొక్కజొన్నపొత్తు, నలుగురికి నాలుగు, ఎందుకన అది పంచుకొనుటకు వీలు కాదు. వారమునకు నూటయేబది రూపాయలు ఆమె చేతిఖర్చు. దానిలో సినిమాకు కూడబెట్టు లెక్క యొకటి చిన్నపుస్తకమున వ్రాసికొనుచున్నది. ఆ లెక్క మా యింటి జమాఖర్చులకంటె శుభ్రముగా నున్నది.

చీకటిపడువేళ వారి యాట మరియొకటి. 1933 లో తెరచిన మన ఓడరేవునకు వచ్చు ఓడలు వంతుకొరకు దూరముగా సముద్రముమీద నిలిచి దీపములు వెలిగించును. ఏ దీపము ఏ దేశపు ఓడదో, లోపల నేమున్నదో పందెము వేయుదురు. ఒకతె నూనె యనును, ఒకతె ఎరువనును, మా చిన్నది ఎప్పుడును బొగ్గనును. తన తండ్రి కొలిమికి కావలసిన బొగ్గు ఓడలమీదనే రావలెనని ఆమె యెరుగును. పందెము గెలిచినది ఎవరో తేలు మార్గము లేదు. ఎనిమిదింటికి ఇల్లు చేరుదురు. పాదములనిండ ఇసుక. మా గృహిణి కేకలు వేయుట, ఆమె నవ్వుచు కాళ్ళు కడుగుకొనుట ప్రతివారమును జరుగుచున్నదే.

కార్తికమాసమున నొకనాడు ఆమె తండ్రి తన వారపు సెలవునాడు మా యింటికి వచ్చి, సంచిలోనుండి ఒక దరఖాస్తు తీసి బల్లమీద పెట్టిరి. గేట్ పరీక్షకు శిక్షణ. ఆదివారము ఉదయము తొమ్మిదినుండి సాయంకాలము ఆరువరకు, ఒక సంవత్సరము. వారి భయమును మేము తేలికగా తీసివేయము. 2021 జనవరిలో కేంద్రప్రభుత్వము ఉక్కు కర్మాగారమును పూర్తిగా అమ్మివేయ నిశ్చయించిన నాటినుండి వారికి కంటినిండ నిద్రలేదు. 1966 లో విద్యార్థులు తరగతులు విడిచి వీధులలోనికి వచ్చి, తుపాకిగుండ్లకు ప్రాణము లొడ్డి తెచ్చుకొన్న కర్మాగారమది; 1971 లో శంకుస్థాపన జరిగి, 1992 లో జాతికి అంకితమైనది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటించిరి. అయినను ఒకసారి కదలిన మనసు కుదుటబడుట సులభము కాదు. కూతురికైనను కదలని ఉద్యోగము రావలెనని వారి కోరిక.

"ఒక్క సంవత్సరమే కదా మామయ్యగారూ" అనిరి.

"ఇంటర్మీడియెట్ నాడు రెండు సంవత్సరములే కదా యంటిరి, నాయనా" అని మా గృహిణి లోపలినుండి యన్నది.

మేము వేరొక మాట యడిగితిమి. "మీకు వారమునకొక సెలవు కలదు కదా. దానిని ఒక సంవత్సరము మాకిచ్చివేయుడని మీ అధికారి అడిగిన ఇత్తురా?"

"యూనియన్ ఊరుకుంటుందా మామయ్యగారూ!"

"పిల్లకు యూనియన్ ఎవరు?"

వారు నవ్విరి గాని పలుకలేదు. ఆ సెలవు ఆకాశమునుండి ఊడిపడినది కాదని వారు మాకంటె బాగుగ నెరుగుదురు. బొంబాయి మిల్లులలో వారమంతయు పనిచేయుచుండిన కూలీలకొరకు నారాయణ మేఘాజీ లోఖండే యేండ్లతరబడి పోరాడగా 1890 లో ఆదివారపు సెలవు దొరకినది. 1948 లో ఫ్యాక్టరీల చట్టము వచ్చినప్పుడు, పెద్దవాడైన కూలివానిచేత వారమునకు నలువదియెనిమిది గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున నొక దినము సెలవియ్యవలెననియు వ్రాసికొన్నాము. కొలిమియొద్ద నిలుచు మగవానికి నలువదియెనిమిది గంటలు హద్దు. పుస్తకము ముందు కూర్చున్న పదునారేండ్ల పిల్లకు హద్దు లేదు. మా చిన్నది ఇంటర్మీడియెట్ నాటి గంటలను తండ్రి యెదుటనే కాగితముమీద కూడినది. నిద్రయు, స్నానమును, భోజనములును తీసివేసి, ఆదివారపు పరీక్షను కలుపగా, వారమునకు ఎనుబదియెనిమిది. తండ్రి ఆ కాగితమును చాలసేపు చూచి, మడచి జేబులో పెట్టుకొనిరి.

ఆనాడు భోజనమైన పిదప వారు తమ చదువునాటి మాటలు కొన్ని చెప్పిరి. 1989 లో "శివ" సినిమా వచ్చినప్పుడు వారు ఐ.టి.ఐ. విద్యార్థులు. నాలుగుమార్లు చూచిరట. సైకిలు గొలుసును చేతితో లాగి తెంప చూచి అరచేయి కోసికొనిరట, మచ్చ చూపిరి. అదే చిత్రము మరల 2025 నవంబరున సినిమాశాలలకు వచ్చుటయు, తండ్రియు కూతురును కలిసి పోవుటయు ఆ తరువాతి సంగతి. దారిలో వారు ఆ కొరియా బృందపు పేరు అడిగి తెలిసికొనిరట. ఇంటికి చేరునప్పటికి మూడక్షరములలో రెండు తారుమారు చేసిరట.

దరఖాస్తు సంగతి యేమైనదందురా? పరిష్కారము పిల్లయే చెప్పినది. శనివారము మధ్యాహ్నము అదే పాఠము మరియొకచోట చెప్పుదురట, దానికి పోవుదునన్నది. "గేట్ నేనూ రాస్తాను నాన్నా. ఆదివారం మాత్రం నాది" అన్నది. ఏదైనా సరే యన్న పిల్లయే ఇది. తండ్రి సరే యనిరి. ర్యాంకు వచ్చునో రాదో మేమెరుగము.

ఈ చర్చయంతయు గుమ్మములో నిలిచి వినుచుండిన మా గృహిణి, గిన్నెలు సర్దుచు, "కూలివానికి ఆదివారము, పిల్లకు ఆదివారము, పింఛను పుచ్చుకొనువారికి ఏడును ఆదివారములే. వంటింటికి ఏ లోఖండే వచ్చును?" అన్నది. ఇంట నందరికి సెలవైననాడే ఆమెకు పిండివంటల పనియు, చుట్టముల పనియు నని చెప్ప నక్కరలేదు. ఈ పత్రిక చదువు ఇండ్లలో ఈ ప్రశ్న రానిది ఏదైన నుండునా? తండ్రియు మేమును మొగములు చూచికొంటిమి. పిల్ల మాత్రము వెంటనే, "అమ్మమ్మా, వచ్చే ఆదివారం మాతో భీమిలి రా" అన్నది.

2025 ఆగష్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సులలో టిక్కెట్టు రుసుము లేదు. సముద్రపు ఒడ్డువెంబడి, తొట్లకొండ బౌద్ధారామముల క్రిందుగా భీమునిపట్టణమువరకు పోయి వచ్చుటకు నలుగురు పిల్లలకును మా గృహిణికిని దమ్మిడీ ఖర్చు లేదు. 1978 లో "మరోచరిత్ర" తీసిన తీరమది. ఆ సినిమా చూచిన నాటినుండి ఆమె అచ్చటికి పోవలెనని కోరుకొన్నది. ఆనాటి వంట మాది. పప్పునకు ఎసరెంత పెట్టవలెనో కాగితముమీద వ్రాసి పొయ్యిప్రక్క అంటించినది. బస్సులో ఆధార్ కార్డు చూపవలెనట. ఉదయమునుండి ఇనప్పెట్టెయు, దేవునిగూడును, బియ్యపుడబ్బాయు వెదకుచున్నది, ఇంకను దొరకలేదు.